ఎవరి కష్టము నీ కంటబడినది?

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన దినమున మన ఇండ్లలో ఒక ప్రశ్న తప్పక పుట్టును. మేనమామ అడుగును, పక్కింటి పెద్దమ్మ అడుగును, బస్సులో పక్కన కూర్చున్న అపరిచితుడు సైతము అడుగును: "ఏమవుదామనుకుంటున్నావు?" పిల్లవాడు ఎంపీసీ అనియో, బైపీసీ అనియో, పాలిటెక్నిక్ అనియో చెప్పి తల వంచుకొనును. విన్నవారికి ఆ జవాబు తృప్తినిచ్చును గాని, తాను పేరెత్తిన వృత్తిలో మనుష్యులు ఉదయము మొదలు సాయంకాలము వరకు ఏమి చేయుదురో, ఎవరికి ఉపకరింతురో, ఆ పనిలో ఏది విసుగు పుట్టించునో ఏది మనసును పట్టి యుంచునో ఆ పిల్లవాడు ఎన్నడును కన్నులార చూచి యుండడు. చూడని ఊరికి టికెట్టు కొనుటవంటిది ఆ నిర్ణయము.

ఆ ప్రశ్నకు బదులుగా ఈ అధ్యాయమున వేరొక ప్రశ్నను నీ ముందుంచుచున్నాను. నీ ఊరిలో ఎవరి కష్టము నీ కంటబడినది? దానిని కొంతయైనను తగ్గింపగల వస్తువునో, ఏర్పాటునో నీ చేతులతో చేసి చూచితివా? ఎనిమిది, తొమ్మిది తరగతులలోనున్న విద్యార్థి ఏటికొక్కమారైనను ఈ ప్రశ్నకు పనిరూపమున సమాధానము చెప్పగలిగినయెడల, వృత్తిని ఎన్నుకొనుటకు కావలసిన తెలివి అతనికి ఎన్ని ఉపన్యాసములు వినినను లభింపనంతగా లభించునని ఏండ్ల తరబడి పిల్లల మధ్య మెలగిన అనుభవముతో చెప్పుచున్నాను. విద్యావేత్తలు దీనిని సమాజాశ్రిత రూపకల్పన ప్రాజెక్టు అని వ్యవహరింతురు. పేరు బరువైనను పని సులభగ్రాహ్యము: ఒక మనిషిని ఎన్నుకొని, ఆ మనిషి పనిని ఓపికతో చూచి, కొలిచి, నమూనా చేసి, దానిని తిరిగి ఆ మనిషి చేతికే ఇచ్చి, తప్పులు తెలిసికొని, మరల చేయుట.

చింతకింది మల్లేశము గారి వృత్తాంతము తెలుగునాట పలువురు ఎరిగినదే. అయినను వృత్తిని గూర్చి యోచించు విద్యార్థి దానిని కొత్తగా చదువవలసియున్నది. నాటి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున పుట్టి, ఆరవ తరగతితో బడి విడిచిన ఆయన, తల్లి లక్ష్మి ఆసు పోయుచు భుజముల నొప్పితో బాధపడుటను చిన్ననాటినుండి చూచెను. పోచంపల్లి తరహా చీరకు చిటికి కట్టి రంగులద్దుటకు ముందు పేకదారమును అర్ధచంద్రాకారమున అమర్చిన మేకుల చుట్టును చేతితో పోయవలెను. ఒక్క చీర పూర్తియగుసరికి ఆ చేయి వేలమార్లు అటునిటు కదలవలెను. ఆ కదలికను యంత్రమునకు నేర్పవలెనని ఆయన 1992లో పూనుకొని, చేతిలో డబ్బు చాలక, నలుగురి మాటలు పడి, చేసినది విప్పి మరల చేసి, 1999లో సాధించెను. యంత్రమునకు తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసుయంత్రమనెను. 2017లో పద్మశ్రీ పురస్కారము ఆయనను వరించినది. మొదట తల్లి భుజము, పిదప మేకులు, పిదప గేర్లు, మోటారు, ఆ పిదప ఎలక్ట్రానిక్స్: ఈ వరుసను గమనింపుము. ఒక్కొక్క విద్యయు ఆయనకు అవసరమైన గడియలోనే ఆయన దరికి చేరినది. ఆ ఏడేండ్ల కాలమున ఒక బడియు, ఒక లెక్కల మాష్టారును, నాలుగు పనిముట్లున్న ఒక గదియు ఆయనకు తోడుగా ఉండియుండినచో ఎంత వేదన తప్పియుండెడిదో యని నేను తరచు తలపోయుదును. ఆ బడి, ఆ మాష్టారు, ఆ గది నేడు మన పిల్లలకు కల్పింపవలెననుటయే నా వాదము.

చేతిపనిని చదువుతో ముడివేయవలెనను తలంపు మనకు కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమును దేశము ముందుంచెను. 1964లో ఏర్పడిన కొఠారీ సంఘము కార్యానుభవమును పాఠ్యక్రమమున చేర్చుమనెను. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము దానికి సమాజోపయోగకర ఉత్పాదక కార్యమను పేరు పెట్టెను. 2020 జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మొదలైనవారి చెంత పని నేర్వవలెనని చెప్పినది. ఇన్ని మంచి మాటల ఫలితము పెక్కు బడులలో అట్టముక్కతో చేసిన ఇల్లుగను, ఐస్‌క్రీము పుల్లల పూలకుండీగను, మార్కులు వేసిన మరునాడు అటకెక్కు రికార్డు పుస్తకముగను మిగిలిపోయినది. కారణము నాకు స్పష్టముగా తోచుచున్నది. ఆ వస్తువులను వాడువారు ఎవ్వరును లేరు. వాడు మనిషి లేని వస్తువు బాగుగ నున్నదో లేదో నిర్ణయించునది ఎవరు? ఉపాధ్యాయుని ఎర్రసిరా ఆ స్థానమును భర్తీ చేయజాలదు.

మందుకు ముందు మనిషిని తెలిసికొనుట యను నియమము మా మదనపల్లె గడ్డకు బాగుగ పరిచితము. 1915లో మా ఊరి చెంతనున్న ఆరోగ్యవరమున క్షయరోగ చికిత్సాలయము నెలకొన్నది. 1948లో మన దేశమున బీసీజీ టీకా తొలుత వేయబడిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ పిదప 1950 మొదలు 1955 వరకు ఫ్రిమోట్ మోల్లరు అను డేనిష్ వైద్యుడును ఆయన సహచరులును ఈ చుట్టుపట్ల పల్లెలలో ఇల్లిల్లు లెక్కవ్రాసి, జనులను పరీక్షించి, ఎక్స్‌రేలు తీసి, క్షయ ఎచ్చట ఎంత యున్నదో అన్వేషించిరి. ఆ పరిశోధనాఫలితములు ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో అచ్చుపడి లోకమున వైద్యులకు ఆధారమైనవి. ఆసుపత్రి వాకిట కూర్చుండి వచ్చిన రోగిని మాత్రమే చూచియుండినచో, రానివారి సంగతి వారికెట్లు తెలిసెడిది? నీవు చేయబోవు పని అంత పెద్దది కాకపోవచ్చును గాని, దాని మొదటి మెట్టు ఇదియే: ఇంటిగడప వరకు నడచి పోవుట.

ఈ మెట్టును దాటవేసినందున నేను పడిన అవమానమును ఇచట దాచను. ఉపాధ్యాయవృత్తిలో అడుగిడిన కొత్తలో, ఒక పల్లె కుళాయి కడ బిందెలు నేలపైనుండి ఎత్తుకొనుటకు స్త్రీలు నడుము వంచుచుండుట చూచి, పిల్లలను కూడగట్టి ఇటుకలతో సిమెంటుతో ఒక చక్కని అరుగు కట్టించితిని. పదిదినములు శ్రమించితిమి. ప్రారంభోత్సవమునకు పెద్దలు వచ్చిరి, కొబ్బరికాయ కొట్టిరి. వారము తిరుగకమునుపే ఆ అరుగు మీద బిందెలకు బదులు మేకపిల్లలు కూర్చుండుట మొదలుపెట్టెను. నాకు రోషము వచ్చినది. ఒక ముసలమ్మను నిలిపి అడిగితిని. ఆమె ఖాళీ బిందెను అరుగుపై నుంచి, చంకకెత్తుకొనుటకు వంగి చూపి, "మోకాలెత్తున కడితే ఏం సుఖం నాయినా, నడుమెత్తుకి రావాల గదా" అనినది. మేము అరుగు ఎత్తును నిర్ణయించునపుడు చేతికందిన ఇటుకలను లెక్కించితిమే గాని, ఒక్క స్త్రీ నడుము ఎత్తునైనను టేపుతో కొలువలేదు. నడుమెత్తునకు పెంచియుండినచో ఆ అరుగు నేటికిని వాడుకలో నుండెడిది. నాటినుండి నా పిల్లలతో చేయించిన ఏ పనిలోను టేపుకంటె ముందు తాపీని చేతబట్టనీయలేదు.

ఇక పనిని ఎట్లు ఆరంభింపవలెనో చెప్పెదను. మదనపల్లెలో చదువుకొనువానికి ఊరిలోనే ఒక మహాపాఠశాల కలదు. అది టమోటా మార్కెట్టు. ఆసియాఖండమున పెద్దవిగా పేరొందిన టమోటా విపణులలో ఇది యొకటి. వేసవి మొదలు వర్షాకాలము నడుమ వరకు సరుకు విరివిగా వచ్చును. బడులు తెరచిన జూన్, జూలై మాసములు నీకు అనువైనవి. ఒకనాడు ధర పతనమై రైతు కోతకూలి కూడ గిట్టక కాయను రోడ్డు పక్కన పారబోసి పోవుటయు, 2023 జూలైలో వలె కిలో నూరు రూపాయలు దాటి దేశమంతయు ఈ ఊరి పేరు చెప్పుకొనుటయు ఇచటనే చూడనగును. నలుగురైదుగురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు, మండీ యజమాని అనుమతి: ఇంతమాత్రము చాలును. మొదటి దినమున ఎవరిని ఏమియు అడుగకుము. ఒక మూల నిలుచుండి గంటసేపు చూడుము. ఆటోలు, బొలెరోలు వచ్చుట, హమాలీలు క్రేట్లు దింపుట, వేలము పాడుట, కాయను సైజు చొప్పున వేరుచేయుట, లారీకెత్తుట, ఖాళీ క్రేట్లు తిరిగి ఊరు చేరుట: ఒక్క కాయ పొలమునుండి లారీ వరకు ఎన్ని చేతులు మారుచున్నదో లెక్కవ్రాసికొనుము. ఆ సంఖ్య నిన్ను ఆశ్చర్యపరచును.

రెండవ దినమున ఒక్క మనిషి చెంతకు పొమ్ము. గుంపును గూర్చి రూపకల్పన చేయబోయినవాడు ఎవ్వరికిని చాలని చొక్కా కుట్టును. గ్రేడింగు చేయు ఒక స్త్రీని ఎన్నుకొంటివనుకొందము. ఆమె బోర్లించిన క్రేటు మీద కూర్చుండి, ఎదుటనున్న రాశినుండి కాయను తీసి, పండినదానిని ఒకవైపు, దోరదానిని ఒకవైపు, దెబ్బతిన్నదానిని వేరొకవైపు చేర్చును. చేయి ఎంత దూరము చాచుచున్నదో, నిమిషమునకు ఎన్నిమారులు చాచుచున్నదో, ఎంతసేపటికొకసారి లేచుచున్నదో చూడుము. మా పిల్లలు మొదటిసారి ఈ దృశ్యమును చూచి, కూర్చుండుటకు మెత్తని పీట చేయవలెనని ఏకగ్రీవముగా తీర్మానించుకొనిరి. అంతలో ఒక బాలిక, అందరికంటె చిన్నది, ఆ స్త్రీ పక్కన గొంతుకూర్చుండి, "అక్కా, ఏడ నొప్పి పెడతాది?" అని అడిగినది. "కూసునేదానికేం కాదు పాపా, లేసేదానికే కష్టం" అని ఆమె మోకాలు చూపినది. ఆ ఒక్క వాక్యముతో మా తీర్మానము మారిపోయినది. మెత్తని పీటకు బదులుగా, కొంచెము ఎత్తు పెరిగి, లేచునపుడు ఊతముగా పట్టుకొనుటకు పక్కన ఒక పిడి గల పీట కావలసియున్నది.

అట్టముక్కలతోను గోనెతాడుతోను తొలి నమూనా చేయుము. అది చినిగిపోయినను బెంగ లేదు, చినుగుటకే అది చేయబడినది. రెండవ నమూనాకు పాత చెక్క చాలును. మూడవదానికి వెల్డింగు షాపునకు పొమ్ము. ప్రతి నమూనాను ఆ స్త్రీకే ఇచ్చి, ఒక పూట వాడించి, నీవు నోరు మెదపక పక్కన నిలుచుండుము. ఆమె మర్యాదకొరకు "బాగుంది నాయినా" అనును. మన పల్లెజనులు పిల్లల మనసు నొప్పింపరు. కావున మాటను నమ్మక చేతులను చూడుము. పిడిని ఆమె పట్టుకొనుచున్నదా, లేక పాత అలవాటున మోకాలిపై చేయి వేసికొని లేచుచున్నదా? మరునాడు నీవు లేనపుడు ఆ పీట వాడుకలో నున్నదా, మూలనున్నదా? ఇదియే నీ పరీక్షాఫలితము.

లెక్కల మాష్టారులకు ఇచట ఎంత పని కలదో వేరుగ చెప్పనక్కరలేదు. ఎత్తులు కొలిచి సగటు తీయుట, పీట కాళ్ళ కోణము, ఇనుపగొట్టము కిలో వెల, మూడువందల రూపాయలలో పని ముగించుటకు వేయు అంచనా, ఇవన్నియు పాఠ్యపుస్తకములోనివే. తెలుగు మాష్టారు ఆ స్త్రీ మాటలను ఉన్నవి ఉన్నట్లుగా, మదనపల్లె యాసలోనే, వ్రాయుట నేర్పవలెను. "మోకాళ్ళ నొప్పి గలదు" అని వ్రాసినవానికి పిడి ఆలోచన తట్టదు.

పిల్లల లెక్కలను ఊరివారి ముందుకు తెచ్చుటకు మా సమీపముననే ఒక చక్కని పూర్వోదాహరణము కలదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి ప్రేరణతో వెలసిన ఋషివ్యాలీ విద్యాసంస్థ, తన చుట్టునున్న పల్లెలలో ఉపగ్రహ పాఠశాలలను నడపినది. పద్మనాభరావు, రమ దంపతులు తీర్చిదిద్దిన ఆ పద్ధతిలో ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కార్డుల సాయముతో ఎవరి వేగమున వారు మెట్టుమెట్టుగా చదువుకొందురు. ఆ ప్రాంతపు యువకులే శిక్షణ పొంది ఉపాధ్యాయులగుదురు. తల్లులు బడికి వచ్చి కథలు చెప్పుదురు. మెట్రిక్ మేళాయను పేరున పిల్లలు అంగళ్ళు పెట్టి, వచ్చిన పెద్దలకు బరువులు తూచి, ఎత్తులు కొలిచి, లెక్క చెప్పుదురు. తన తల్లి ఎదుట తూకము వేయు పిల్ల దశాంశబిందువు ఎచ్చట పెట్టవలెనో మరి మరువనేరదు. ఉన్నత పాఠశాలలు ఈ మేళాను అరువు తెచ్చుకొని, పిల్లలు చేసిన నమూనాలను ఊరివారు పట్టుకొని, త్రిప్పి, తప్పు పట్టు సంతగా మార్చినయెడల ఎంతో మేలు. వేదికపై అతిథుల ప్రసంగములు తగ్గించినచో సమయము కూడ కలసివచ్చును.

పుంగనూరులో నుండువాని సంగతి వేరు. ఆ ఊరి పేరు మోయు గిడ్డ ఆవును నీవు చూచియే యుందువు. డెబ్బది మొదలు తొంబది సెంటీమీటర్ల ఎత్తు, నూటపదునైదు మొదలు రెండువందల కిలోల బరువు. చిక్కని వెన్నగల దాని పాల పేరు దూరదేశములకు పాకినది. ఆ జాతిని కాపాడుటకు పలమనేరులో పశుపరిశోధన కేంద్రము శ్రమించుచున్నది. కాని మన కొట్టములన్నియు సంకరజాతి జెర్సీ ఆవుల కొలతకు కట్టబడుచున్నవి. గడ్డివేయు గాడి ఎంత ఎత్తుండవలెను? నీళ్ళతొట్టి అంచు దాని మెడకు ఎక్కడ తగులును? పాలుపితుకువాడు అంత పొట్టి ఆవు పక్కన ఎట్లు కూర్చుండవలెను? ఆవును పెంచుచున్న ఒక ఇంటికి పొమ్ము, టేపు తీసి కొలువుము. ఈ పనిలో దిగిన పిల్లవాడు మొదట పశువైద్యుడొక్కడే ఈ రంగమున కలడని తలంచును. నెల తిరుగులోపల గొట్టములు వంచు వెల్డరును, కొట్టము కట్టు మేస్త్రీని, పాలసేకరణ కేంద్రమున వెన్నశాతము చూచు ఉద్యోగిని, దాణా అమ్మువానిని, పశుసంవర్ధక శాఖ గోపాలమిత్రను, బ్యాంకులో పశువుల ఋణము మంజూరు చేయు అధికారిని కలిసియుండును. ఒక్క ఆవు చుట్టును ఏడెనిమిది జీవనోపాధులు నిలిచియున్నవని వానికి తెలియును. ఏ కెరీరు గైడెన్సు కరపత్రము ఈ పటమును గీసియిచ్చునో చెప్పుము.

అందుచేత ప్రాజెక్టుతో పాటు నీవు వేరొక నోటుపుస్తకము ఉంచుకొనవలెను. పనిలో నీకు ఎదురైన ప్రతి వృత్తివానికి ఒక పుట. ఈ పని ఎక్కడ, ఎన్నేండ్లలో నేర్చిరి? ఏ మాసములలో చేతినిండ పని, ఏ మాసములలో ఖాళీ? ఈ పని దేహమున ఏ భాగమును అరగదీయును? ఈ పనిలో ఏ గడియ మిమ్ము సంతోషపెట్టును? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనుము. జీతమెంతయని పిల్లలు మొదటనే అడుగుదురు. అది చివరకు అడిగినచో మనసువిప్పి చెప్పుదురు. సంవత్సరాంతమున ఆ పుస్తకము తిరగవేసినపుడు, ఏ పుట వ్రాయునపుడు నీ చేయి తనంతట తాను వేగముగ సాగినదో నీకే కనబడును. పీటను గీయుట నచ్చినదా, ఖర్చుల పద్దు సరిచూచుట నచ్చినదా, ముసలమ్మతో మాటాడుట నచ్చినదా? మొదటిది నిన్ను డ్రాయింగు, ఇంజనీరింగు వైపును, రెండవది వాణిజ్యము వైపును, మూడవది వైద్యము, బోధన, సమాజసేవ వైపును పిలుచుచుండవచ్చును. పిలుపును వినుటకు నిశ్శబ్దము కావలెను. పదవ తరగతి ఫలితముల వారమున ఆ నిశ్శబ్దము లభింపదు.

కుప్పమునకు వచ్చునప్పటికి దారి మరింత విశాలమగుచున్నది. తెలుగు, తమిళము, కన్నడము ఒకే వీధిలో వినబడు ఆ మూల ప్రాంతమున 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ఐ-కమ్యూనిటీయను పేరున ఒక కార్యక్రమమును ఆరంభించినది. అందులో నా మనసున నిలిచినది ఒక్కటే. పల్లెవారికి దరఖాస్తులకు ఫోటో కావలసినచో కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోవలసివచ్చుచుండెను. ఈ చిక్కును గమనించి, పొదుపు సంఘముల స్త్రీలకు డిజిటల్ కెమెరాయు, మోసికొని పోదగిన చిన్న ప్రింటరును, కరెంటు లేనిచోటను పనిచేయుటకు సౌరఫలకమును ఇచ్చి, వారిని గ్రామ ఛాయాగ్రాహకులుగా తీర్చిరి. పొలము గట్టున, పెండ్లి పందిట, బడి వరండాలో ఫోటో తీసి అక్కడికక్కడే చేతికిచ్చి ఆ స్త్రీలు సంపాదించుకొనిరి. కంపెనీ కార్యక్రమము కొన్నేండ్లకే ముగిసినది. ఫోటోలు నేడు ప్రతివాని ఫోనులోను కలవు. అయినను ఒక ఊరి సామాన్యమైన ఇబ్బందియు, ఒక వస్తువును, ఒక జీవనోపాధియు మూడును ఒక్క ముడిలో ఎట్లు కలియునో చూపుటకు ఇంతకంటె మంచి పాఠము నాకు తెలియదు. నేడు నీ పల్లెలో అటువంటి ముడి యేది? ఆన్‌లైను దరఖాస్తు నింపలేని అవ్వలు, ఔషధము ఏ పూట మింగవలెనో చీటీ చదువలేని తాతలు, పట్టుపురుగుల చంద్రికలు కడుగుటకు నడుము పడిపోవు రైతులు, మూడు భాషలలో దేనిలోను సరిగ లేని బస్సుస్టాండు బోర్డులు: వెదకినచో ఒక్క దినములో పది దొరకును.

కుప్పము చెంతనే గుడివంకలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషను వారి సృజనకేంద్రము 172 ఎకరములలో విస్తరించి యున్నది. 1999లో రామ్‌జీ రాఘవన్ గారు నెలకొల్పిన ఆ సంస్థ ప్రయోగశాలను వ్యానులోకెక్కించి ప్రభుత్వపాఠశాలల గుమ్మములకు పంపినది. నేర్చిన పిల్లలే తోటిపిల్లలకు బోధించు పద్ధతిని అలవరచినది. నూరుమంది పెద్దల ముందు తాను చేసిన నమూనాను వివరింపగలిగిన తొమ్మిదవ తరగతి బాలిక, పిదప ఏ ఇంటర్వ్యూలోను గొంతు పోగొట్టుకొనదు. కుప్పము పిల్లలకు ఈ అవకాశము ఇంటి ముంగిటనున్నది. ఉపాధ్యాయులు పిల్లలను అచటికి తీసికొనిపోవునపుడు ఊరిలో చూచిన ఒక ఇబ్బందిని కూడ వెంట తీసికొని పోవలయునని నా కోరిక. లేనిచో అది విహారయాత్రగనే ముగియును.

ఊరికొరకు పిల్లలే గీసి కట్టుటకు మన దేశము వెలుపలను ఒక ఉదాహరణము కలదు. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున బెర్టీ కౌంటీయను బీద వ్యవసాయ ప్రాంతమున, ఎమిలీ పిలోటన్ అను రూపకర్త 2010లో ఉన్నత పాఠశాల విద్యార్థులతో స్టూడియో హెచ్ అను తరగతిని నడపినది. పిల్లలు మొదట కోళ్ళగూళ్ళవంటి చిన్న వస్తువులు చేసిరి, పిదప తమ ఊరికి రైతుబజారు మండపమును తామే గీసి తామే కట్టిరి. 2011లో అది తెరువబడినది. చిన్న వస్తువులతో ఆరంభించిరను మాటను మనవారు మరువరాదు. చిన్నది చెడినను నష్టము స్వల్పము. మండపము చెడినచో మనుష్యులమీద పడును.

హెచ్చరికలు కొన్ని. మనుష్యుల ఫోటో తీయుటకు ముందు అడుగుము. "మీ కష్టము తీర్చెదము" అని మాటయీయకుము; "చేసి చూచెదము" అనుము. వెల్డింగు, కరెంటు, రంపము: ఈ మూడింటిని పెద్దలు పక్కన లేక ముట్టకుము. జట్టులో బాలికలకు రంగులు దిద్దు పనియు బాలురకు మేకులు కొట్టు పనియు పంచు దురలవాటు మన బడులలో గాఢముగ నున్నది. పనులను నెలకొకసారి మార్చుకొనుము. అన్నింటికంటె ముఖ్యమైనది ఒకటి. పిల్లలు మనిషిని ఎన్నుకొనుమనినపుడు తమ వీధివారిని, తమవారిని ఎన్నుకొందురు. నీవు ఎన్నడును అడుగుపెట్టని వీధి నీ ఊరిలో ఒకటి ఉండును. ఎందుకు పెట్టలేదో నీకు తెలియును, మీ ఇంటివారికిని తెలియును. ఈ పనికి ఆ వీధినే ఎన్నుకొనుము. వారిచ్చిన మంచినీళ్ళు త్రాగి, వారి చాపమీద కూర్చుండి, వారి మాట వ్రాసికొనుము. రూపకల్పన కొరకు పోయినవాడు ఊరిని కూడ కొంత తిరిగి గీసికొని వచ్చును.

తల్లిదండ్రులు "ఇది చదువా, కాలయాపనా?" అని అడుగుదురు. వారి భయము న్యాయమైనదే; మార్చి నెలలోని పబ్లిక్ పరీక్ష ఎవ్వరికొరకును ఆగదు. కనుక పదవ తరగతిని ఈ పనినుండి విడిచిపెట్టుడు. ఎనిమిది, తొమ్మిది తరగతులలో, వారమునకు రెండు పీరియడ్లు, జూన్‌లో చూచుట, జూలై ఆగస్టులలో కొలుచుట, దసరా సెలవులలోపల తొలి నమూనా, సంక్రాంతికి ఊరివారి ముందు మేళా: ఇంతకు మించి అడుగుటలేదు. ప్రధానోపాధ్యాయులారా, ఒక ఖాళీ గదియు, రెండు టేపులును, ఒక సుత్తియు, ఊరిలోని ఒక వడ్రంగికి గౌరవముతో పంపిన పిలుపును మీరు సమకూర్చుడు. ఆ వడ్రంగి తరగతిలోకి వచ్చినపుడు పిల్లలను లేచి నిలుచుండుమని చెప్పుడు.

నీకు నేను చెప్పవలసినది ఒక్కటి మిగిలియున్నది. ఈ వచ్చు శనివారము ఇంటివారికి చెప్పి, స్నేహితునొకనిని వెంటబెట్టుకొని, మార్కెట్టుకో, పాలకేంద్రమునకో, బస్సుస్టాండుకో పొమ్ము. జేబులో టేపును, చేతిలో నోటుపుస్తకమును ఉంచుకొనుము. ఒక్క గంట ఊరక చూడుము. పిమ్మట, పని చేయుచున్న ఒక మనిషి పక్కన కూర్చుండి, ఎక్కడ నొప్పి పెట్టుచున్నదో అడుగుము.